మాదరి భాగ్యరెడ్డివర్మగారి చరిత్రము – విద్యాధికారము

మహాపురుషుల చరిత్రములను ఏటేట స్మరించుట మన సంఘమున కాచారము. పటమునకు పూలమాల వేయుటతో నా స్మరణము ముగియరాదు. ఆ పురుషుడు దేనికై తన దేహమును అఱగదీసికొనెనో, ఆ కార్యము నేటి కెంతవఱకు వచ్చినదో విచారించుటయే నిజమైన శ్రాద్ధము. కావున ఈ వార్షిక మహాసభా సంచికకు మాదరి భాగ్యరెడ్డివర్మగారి జీవితమును వ్రాయబూనితిని. నేడు విద్య మన రాజ్యాంగమున బాలుర యొక్కయు బాలికల యొక్కయు ప్రాథమిక హక్కు. ఆ రాజ్యాంగ మమలునకు వచ్చుటకు నలువదియేండ్లు ముందుగనే, చట్టమేదియు తోడులేని కాలమున, నైజాము రాజధానిలో నీ హక్కును కార్యరూపమున ప్రకటించిన మహనీయు డీతడు.

ఈయన 1888వ సంవత్సరము మే 22వ తేదీని హైదరాబాదు నగరమున మాదరి వెంకయ్య, రంగమాంబ దంపతులకు జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు భాగయ్య. కులగురువు ఆ పేరును భాగ్యరెడ్డిగా మార్చెనని చెప్పుదురు. రెడ్డిశబ్దమునకు పాలకుడని యర్థము చెప్పి, ఒకప్పుడు ఈ భూమి నేలినవారు మీరేయని ఆ గురువు శిశువు పేరుననే బోధించెను. వర్మయను బిరుదము 1913లో ఆర్యసమాజమువారివలన లభించినది. బాల్యముననే తండ్రిని గోల్పోయి, ఒక న్యాయవాదియింట కొలువుండి, ఆ కొలువులోనే చదువుల రుచి నెఱిగెను. గురుకులమున కూర్చుండి నేర్చినవాడు కాడు, పనిచేయుచు నేర్చినవాడు. తనకు దుర్లభమైనదానిని పరులకు సులభము చేయవలయునను పట్టుదల యట్టివారికే కలుగును.

1906లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, ఈయన జగన్మిత్రమండలిని స్థాపించెను. అక్షరము రానివారికి పత్రికలవలనను గ్రంథములవలనను బోధ చేయుట యసాధ్యము. అందుచేత హరికథలను సాధనముగా గొని వాడవాడల సభలు జరిపించెను. మద్యపానము మానుడనియు, జంతుబలులు విడువుడనియు, బాల్యవివాహములు వలదనియు, ఆడుబిడ్డలను జోగినులుగా వదలుట మహాపాపమనియు బోధించెను. ఆ మండలియే 1911లో మాన్యసంఘమై, తరువాత ఆదిహిందూ సంఘసేవా సమాజముగా పెరిగెను.

ఇంతకంటె ముఖ్యమైన కార్యము 1910లో ఆరంభమైనది. ఆ సంవత్సరమున హైదరాబాదులోని ఇసామియా బజారునందును లింగంపల్లియందును మనవారి పిల్లలకు పాఠశాలలు తెఱపించెను. అప్పటి స్థితి నెఱిగినగాని యీ కార్యముయొక్క గౌరవము తెలియదు. నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. ప్రభుత్వ పాఠశాలలలో బోధయు నా భాషలోనే. మన నారాయణఖేడు తాలూకా నాడు బీదరు జిల్లాలోనిది; 1956లో మెదకు జిల్లాలో చేరి, 2016నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుగు, కన్నడము, మరాఠీ కలిసి వినబడు నీ సీమలో ఇంటిభాష యొకటి, బడిభాష యొకటి. అట్టి బడికి పోవుటయే కష్టము. పోయినను మనవారికి అరుగుమీద చోటు లేదు. ఇట్టి కాలమున భాగ్యరెడ్డివర్మగారు తన పాఠశాలలలో తెలుగున బోధ చేయించెను. తల్లి పలికించిన మాటనే పలకపై వ్రాసికొనిన బాలునకు చదువు పరాయిదికాదను ధైర్యము కలుగును. బోధనవృత్తిలో జీవితము గడిపినవారెవ్వరును ఈ మాటను కాదనజాలరు.

1917వ సంవత్సరము నవంబరు మాసమున బెజవాడలో జరిగిన మహాసభకు భాగ్యరెడ్డివర్మగా రధ్యక్షులు. ఆహ్వానము పంచమసభయని వచ్చినది. ఆయన అధ్యక్షస్థానమునుండియే ఆ పేరును త్రోసివేసెను. పంచమశబ్దమునకు శాస్త్రాధారము లేదనియు, మనవా రీ దేశముయొక్క ఆదివాసులనియు వాదింపగా, సభ ఆదిఆంధ్రనామమును గ్రహించెను. సంస్కృతము చదివినవాడను గనుక నొకమాట చెప్పుదును. మనుస్మృతి దశమాధ్యాయారంభమునందే వర్ణములు నాలుగనియు ఐదవది లేదనియు స్పష్టముగా నున్నది. స్మృతి లేదన్న ఐదవ వర్ణమును లోకము కల్పించి, దానికి బడివాకిలి మూసినది. ఆ శ్లోకమును వల్లెవేసినవారు కొల్లలు. దాని యర్థమును సభలో నిలబెట్టినవాడు గురుకులమెఱుగని భాగ్యరెడ్డివర్మ. 1931 జనాభాలెక్కలలో నైజాము ప్రభుత్వము మనవారిని ఆదిహిందువులని వ్రాయుటయు ఆయన కృషిఫలమే. అంతకుముందు 1930లో లక్నోలో జరిగిన అఖిలభారత ఆదిహిందూ మహాసభకు అధ్యక్షత వహించి, రౌండుటేబిలు సమావేశమునకు డాక్టరు అంబేద్కరుగారే మన ప్రతినిధియని బలపఱచెను.

1933 ప్రాంతమునకు పాఠశాలలు 26, విద్యార్థులు సుమారు 2,500 మంది. కాలక్రమమున నైజాము ప్రభుత్వము వానిని తన యాజమాన్యమునకు దీసికొనెను. దాతల దయపై నడచు బడి దాతతోడనే యుండును, దాతతోడనే పోవును. ప్రభుత్వ ఖజానాపై నడచు బడి బాలునకు రావలసిన బాకీ. దానమునకును అధికారమునకును భేద మిదియే. దానము పొందినవాడు తలవంచి కృతజ్ఞత చెప్పవలయును. అధికారము గలవాడు తలయెత్తి యడుగవచ్చును. భాగ్యరెడ్డివర్మగారి కృషి దానముగా మొదలై అధికారమువైపునకు నడచినది.

1939వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీని, ఏబదియొక్కయేండ్లు నిండకుండగనే, ఆయన పరమపదించెను. రాజ్యాంగసభను చూచుటకు ఆయనకు ఆయుర్దాయము చాలలేదు. ఆ సభలో విద్యావిషయము నడచిన తీరు మనము తెలిసికొనదగినది. మొదట 1947లో ఉచితవిద్యను న్యాయస్థానమున నడుగదగిన హక్కుగా నుంచవలయునని తలపెట్టిరి; తరువాత దానిని ఆదేశసూత్రములలోనికి మార్చిరి. 1948 నవంబరు 23వ తేదీని, ఆ సూత్రమునందున్న అధికారవాచకమును గూడ తీసివేయవలయునను సవరణ నంగీకరించిరి. అయితే విద్యను ప్రాథమిక తరగతులవఱకే కుదింపవలయునను కోరికను అంబేద్కరుగారు త్రోసిపుచ్చిరి. పదునాలుగేండ్లలోపు బాలుని కర్మాగారమున పనికి పెట్టరాదని రాజ్యాంగమే నిషేధించుచుండగా, ఆ వయస్సువఱకు వాడు బడిలోనే యుండవలయునని ఆయన వాదము. ఆ వాదము గెలిచి 45వ అధికరణమైనది. పదేండ్లలో పదునాలుగేండ్లలోపు బాలలందఱకును ఉచిత నిర్బంధవిద్య కల్పింప యత్నింపవలయునని దాని తాత్పర్యము. 1950 జనవరి 26నుండి లెక్కించిన ఆ గడువు 1960లో ముగిసినది, కార్యము ముగియలేదు.

మఱి ముప్పదిమూడేండ్లకు, 1993లో, మన ఆంధ్రప్రదేశ రాష్ట్రము ప్రతివాదిగా నున్న ఉన్నికృష్ణన్ వ్యాజ్యములో, పదునాలుగేండ్లవఱకు విద్య ప్రాథమిక హక్కేయని సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2002లో 86వ సవరణముచే 21ఎ అధికరణము చేరి, ఆఱునుండి పదునాలుగేండ్ల బాలలకు ఈ హక్కు రాజ్యాంగమున స్థిరపడినది. 2009నాటి చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. బిడ్డను బడికి పంపుట తలిదండ్రుల ధర్మమనియు ఆ సవరణమే 51ఎ అధికరణమున చేర్చినది. ఇసామియా బజారు పలకనుండి 21ఎ అధికరణమువఱకు తొంబదిరెండేండ్ల ప్రయాణము.

కులబాంధవులారా, మహారాజపోషకులారా! హక్కు వచ్చినది గదాయని మనము నిద్రింపదగునా? మన ఖేడు సీమలో చెఱకు కోతల కాలము రాగానే ఎన్నియో పేదకుటుంబములు ఇండ్లకు తాళములు వేసి పోవుచున్నవి. వానితో పిల్లలును పోవుదురు. హాజరుపట్టీలో పేరుండును, బల్లపై బాలు డుండడు. పోయినవారిలో చిన్నవారిని చూచుకొనుటకు ఆడుపిల్లయే ముందుగా బడి మానును. రాజ్యాంగ మిచ్చిన హక్కును ఆ బిడ్డకు చేర్చువారు దగ్గఱ లేనిచో, అది బావిలో నీళ్లుండియు చేద లేనట్లు.

పోషకుల విరాళములతో ఉత్తీర్ణులైన విద్యార్థులకు బహుమతు లిచ్చుట మంచిదే. కాని భాగ్యరెడ్డివర్మగారు మొదట వెదకినది గెలిచిన బాలుని గాదు, బడికి రాని బాలుని. కోతల నెలలలో మన గ్రామముల పిల్లలను నిలుపుకొనుటకు వసతి యేర్పఱచుడు. ప్రభుత్వ వసతిగృహములలో చోటుకై అధికారుల నడుగుడు. ప్రతి యూరిలో బడి మానినవారి పేర్లు వ్రాసి యొక పట్టీ యుంచుడు. రాబోవు మహాసభనాటికి ఆ పట్టీని వేదికపై చదివి, అందెన్ని పేర్లు కొట్టివేయబడినవో లెక్క చెప్పుకొందము. అదియే ఆ మహనీయునకు మన మర్పింపదగిన పూలమాల.

సర్వే జనాః సుఖినో భవంతు.