బెంజమిన్ టైలర్ హెన్రీ

బెంజమిన్ టైలర్ హెన్రీ 1821వ సంవత్సరమున అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున జన్మించెను. యౌవనముననే తుపాకులు చేయు విద్య నభ్యసించి, అందు ఆరితేరెను.

ఆ కాలమున పెక్కు తుపాకులకు మందును, గుండును గొట్టము మూతినుండి కూరవలసియుండెను. వోల్కానిక్ అను తుపాకి వరుసగా పేలగలిగినను, మందు గుండు అడుగుననున్న బోలులోనే యిముడవలసి వచ్చుటచే దానికి బలము చాలకుండెను. న్యూహేవెన్ నగరమున ఆలివర్ వించెస్టరు కర్మాగారమును నడపుచుండిన హెన్రీ, రాగి తొడుగుగల తూటాను, దానికి తగిన తుపాకిని నిర్మించి, 1860 అక్టోబరు 16న పేటెంటు పొందెను. మీటను క్రిందికి, పైకి కదల్చినంతనే ఖాళీ తొడుగు వెలికి వచ్చి క్రొత్త తూటా లోనికి చేరెడిది. ఒకసారి నింపిన 16 తూటాలను వరుసగా పేల్చవచ్చును. అమెరికా అంతర్యుద్ధమున పలువురు సైనికులు సొంత ధనముతో దీనిని కొనిరి.

అయినను తగిన ప్రతిఫలము లభింపలేదని హెన్రీ కలత చెందెను. సంస్థపై హక్కు కోరెను గాని, ఆ యత్నము ఫలింపలేదు. 1866లో ఆ సంస్థ వించెస్టరు పేరనే వెలసెను.

హెన్రీ తూటాలో రగిలించు మందు తొడుగు అంచుననే యుండుటచే, పేలిన తొడుగు మరల పనికిరాకుండెను. 1873 నాటి వించెస్టరు తూటాలలో ఆ మందు అడుగు నడుమ చిన్న గిన్నెలో నమరెను. కాలిన గిన్నెను తీసి క్రొత్తది పెట్టి, మందును, గుండును నింపినచో పాత తొడుగే మరల పేలెడిది. దూరపు పల్లెలవారికి ఇది మిగుల ఉపకరించెను.

హెన్రీ 1898లో మరణించెను. సంస్థకు ఆయన పేరు నిలువకపోయినను, వించెస్టరు వారు అంచు మందు తూటాల అడుగున ఆయన పేరిటి తొలి అక్షరమును ముద్రించిరి. శిల్పి కీర్తి అతని పనిలోనే నిలిచియుండును.