వేటభూములకు పక్షుల లెక్క రాసిన మనిషి: డాక్టర్ సాలిం అలీ

మన ప్రత్యేక సంచికల్లో సాధారణంగా స్వాతంత్ర్య సమరయోధుల జీవితాలో, ఆధ్యాత్మిక గురువుల చరిత్రలో వస్తుంటాయి. ఈసారి నేను పక్షి శాస్త్రవేత్త డాక్టర్ సాలిం అలీ గారి జీవితాన్ని ఎంచుకున్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల మన సభ్యులు చాలామంది చిలమత్తూరు మండలం వీరాపురానికి మనుమలను, మనుమరాళ్లను తీసుకెళ్లి చింతచెట్ల మీది కొంగలను చూపిస్తుంటారు. అడవిని, చెరువును, వాటిలోని జీవాలను చూసుకోవడం కూడా ఒక ఉద్యోగమా అని ఆ పిల్లలు అడుగుతారు. ఈ మహనీయుని జీవితం తెలిస్తే ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం తేలిక.

సాలిం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించారు. పెద్ద కుటుంబంలో చివరి సంతానం. ఏడాది వయసులో తండ్రి, మూడేళ్ల వయసులో తల్లి కాలం చేశారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, ఆయన భార్య హమీదా బేగం ఆ పిల్లలను చేరదీసి పెంచారు. మేనమామ వేట మీద మక్కువ గలవారు. ఆ ఇంట్లో పెరిగిన చిన్న సాలింకు కూడా పెద్దయ్యాక పేరుమోసిన వేటగాణ్ణి కావాలన్నదే కోరిక. ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టడం ఆయనకు ఆట.

ఒకరోజు ఆయన కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. అది ఏ జాతి పిచ్చుకో మేనమామకు కూడా తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి మిల్లార్డ్ దొరకు ఒక పరిచయపు ఉత్తరం రాసి, కుర్రవాణ్ణి అక్కడికి పంపారు. ఇది 1908 నాటి సంగతి. మిల్లార్డ్ ఆ పిచ్చుక పేరు చెప్పి ఊరుకోలేదు. సొరుగులు తెరిచి, వరుసగా పేర్చి పెట్టిన వందలాది పక్షులను చూపించారు. చచ్చిన పక్షి చర్మాన్ని ఒలిచి పాడవకుండా భద్రపరచడం, దాని వివరాలు రాసిపెట్టడం నేర్పించే ఏర్పాటు చేశారు. దొరికిన పక్షికి తేదీ, స్థలం రాయాలన్న అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది. అది చివరి దాకా వదలలేదు.

చదువు మాత్రం సవ్యంగా సాగలేదు. కాలేజీలో చేరినా లెక్కలు అడ్డుపడి మధ్యలోనే మానుకున్నారు. 1914లో బర్మాలోని తవాయ్‌కి వెళ్లి కుటుంబానికి చెందిన గనులు, కలప వ్యాపారం చూసుకున్నారు. వ్యాపారం కలిసిరాలేదు గాని అక్కడి అడవులు తిరిగి చూసే అవకాశం దక్కింది. 1917లో బొంబాయికి వచ్చి ఒకవైపు వాణిజ్య చట్టం, అకౌంట్లు, మరొకవైపు జంతుశాస్త్రం చదివారు. 1918లో తెహ్మినా బేగంతో వివాహమైంది.

ఇక ఉద్యోగం సంగతి. ఉద్యోగాలు చేసి రిటైరైన మనకు ఈ భాగం బాగా అర్థమవుతుంది. భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలో పక్షి శాస్త్రవేత్త పోస్టుకు దరఖాస్తు పెట్టుకుంటే తగిన డిగ్రీ లేదని ఇవ్వలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా నెలకు 350 రూపాయల జీతం మీద చేరారు. ఆ రోజుల్లో అది చిన్న జీతం కాదు. 1928లో సెలవు పెట్టి జర్మనీ వెళ్లి, బెర్లిన్‌లో ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే గొప్ప పండితుని వద్ద శిక్షణ పొందారు. 1930లో తిరిగి వచ్చేసరికి నిధులు లేవని ఆ పోస్టునే రద్దు చేశారు. అప్పటికి ఆయనకు ముప్ఫై మూడేళ్లు దాటాయి. చేతిలో పని లేదు, వెనుక పింఛను లేదు.

భార్యాభర్తలు బొంబాయికి ఎదురుగా సముద్రం ఒడ్డున ఉన్న కిహీం గ్రామానికి మకాం మార్చారు. అక్కడ గిజిగాడు గూళ్లను ఆయన రోజుల తరబడి గమనించారు. మగ పక్షి గూడు సగం అల్లి ఆపుతుందని, ఆడ పక్షి వచ్చి చూసి మెచ్చుకుంటేనే మిగతాది పూర్తిచేస్తుందని, ఆ తర్వాత పక్కనే మరో గూడు మొదలుపెట్టి మరో ఆడదాన్ని పిలుస్తుందని వివరంగా రాశారు. మన పల్లెల్లో ఈత చెట్లకు, బావి మీదికి వంగిన తుమ్మ కొమ్మలకు వేలాడే గూళ్లను అందరం చూశాం. ఇంత ఓపికగా కూర్చుని లెక్క రాసినవారు ఆయనకు ముందు లేరు.

తర్వాత ఆయన సొసైటీకి ఒక ప్రతిపాదన పంపారు. పక్షుల సర్వే జరగని సంస్థానాలు ఇంకా చాలా ఉన్నాయి, ప్రయాణం, మకాం ఖర్చులు భరిస్తే జీతం లేకుండా సర్వే చేస్తాను అన్నది దాని సారాంశం. అలా 1931లో మొదలైన తొలి సర్వే మన తెలుగువారి నేల మీదిదే, నిజాం గారి హైదరాబాదు సంస్థానంలో. తెహ్మినా కూడా డేరాల్లో ఉంటూ ఆయన వెంట తిరిగారు. తర్వాత కొచ్చిన్, తిరువాన్కూరు, మరికొన్ని సంస్థానాలు తిరిగారు. 1939లో చిన్న శస్త్రచికిత్స తర్వాత తెహ్మినా మరణించారు. ఆయనకు పిల్లలు లేరు. అక్క కమూ ఇంట్లో ఉంటూ పనిలో మునిగిపోయారు. హిందూపురం పొలిమేర దాటితే వచ్చే మైసూరు సంస్థానంలో సర్వే చేసింది ఆ తర్వాతే. 1941లో వెలువడిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, ఈ దేశంలో పక్షులను పరిశీలించేవారికి బాలశిక్ష వంటిదైంది. అమెరికా శాస్త్రవేత్త డిల్లాన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1968 నుంచి 1974 వరకు వెలువడింది.

ఈ సర్వేలలో ఆయన చూసిన భూముల్లో అనేకం రాజుల వేటభూములు. వేటకు జంతువులు కావాలి, జంతువులకు అడవి, నీరు కావాలి. కనుక రాజులు వాటికి కాపలా పెట్టి, గట్లు వేసి కాపాడారు. తెలంగాణలో నిజాం వేటాడిన పోచారం ప్రాంతం 1950లలో అభయారణ్యం అయింది.

ఇందుకు పెద్ద ఉదాహరణ రాజస్థాన్‌లోని భరత్‌పూర్. అక్కడి పల్లపు నేలకు కాలువలు తవ్వి, కట్టలు, తూములు కట్టి, సంస్థానాధీశులు బాతుల వేట కోసం చిత్తడి నేలను తయారుచేశారు. కొలత సుమారు 29 చదరపు కిలోమీటర్లు. చెరువు కట్టలు, తూముల మధ్య పెరిగిన మనకు ఆ ఏర్పాటు వెంటనే అర్థమవుతుంది. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్క రోజులో 4,273 పక్షులను కాల్చారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నేలను సాగులోకి తేవాలన్న ఒత్తిడి వచ్చింది. సాలిం అలీ ఈ విషయాన్ని ప్రధాని నెహ్రూ గారి దృష్టికి తీసుకువెళ్లి ఆ నేల నిలవడానికి తోడ్పడ్డారు. 1956లో అది పక్షుల రక్షిత కేంద్రమైంది. అయినా మహారాజుకు వేట హక్కు 1972 వరకు ఉంది. తుపాకులు పేలిన ఆ నీటిలోనే సాలిం అలీ బృందం పక్షులను పట్టి, కాళ్లకు నంబరు వేసిన కడియాలు తొడిగి వదిలిపెట్టేది. ఏ పక్షి ఎంత దూరం నుంచి వస్తోందో ఆ కడియాల వల్ల తెలిసింది.

మన వైపు పరిస్థితి కూడా రాయాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి ముందు రిజర్వు ఫారెస్టులో వేటకు రుసుం కట్టించుకుని లైసెన్సులిచ్చేవారు. పంట రక్షణకని రైతులు పెట్టుకున్న తుపాకి లైసెన్సుల విచారణ కాగితాలు నేను తాలూకాఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో నా సీటుకు వచ్చేవి. వేరుశనగ చేలో అడవిపందులు పడితే రైతు పడే బాధ ఆ అర్జీల్లో ఉండేది. అడవిని కాపాడడమంటే ఆ రైతును కూడా లెక్కలోకి తీసుకోవాలని అప్పటి నుంచీ నా అభిప్రాయం. భరత్‌పూర్ చరిత్ర కూడా అదే చెబుతుంది.

1982లో భరత్‌పూర్‌ను జాతీయ పార్కుగా కఠినంగా అమలుచేస్తూ, పశువులను మేపడం పూర్తిగా నిషేధించారు. చుట్టుపక్కల పల్లెల గేదెలు తరతరాలుగా మేసిన నేల అది. గ్రామస్థులు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. మేత వల్ల చిత్తడి నేల పాడవుతోందని నమ్మి నిషేధాన్ని సమర్థించినవారిలో సాలిం అలీ గారు, ఆయన సొసైటీ ఉన్నారు. అయితే 1980లోనే అదే సొసైటీ అక్కడ పదేళ్ల పరిశోధన మొదలుపెట్టింది. ఫలితాలు అందరూ అనుకున్నదానికి విరుద్ధంగా వచ్చాయి. గేదెలు పోయాక ఒక రకం నీటిగడ్డి విపరీతంగా పెరిగి నీటిని కప్పేసింది. చేపలు తగ్గాయి, పక్షులు దిగడానికి తెరిపి లేకపోయింది. గేదెలే ఇన్నాళ్లూ ఆ గడ్డిని అదుపులో ఉంచాయని తేలింది. 1991 నాటి నివేదికలో సొసైటీ శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని దాచకుండా రాశారు.

దీనివల్ల సాలిం అలీ గారి గొప్పతనం తగ్గిందని నేను అనుకోను. చూసింది చూసినట్టు రాయాలన్న క్రమశిక్షణను ఆ సంస్థలో నాటినవారిలో ఆయన ముఖ్యులు. ఆయన సమర్థించిన నిర్ణయాన్ని కూడా ఆ క్రమశిక్షణే పరీక్షకు పెట్టింది. కాని ఆ నివేదిక ముందు వచ్చి, నిషేధం తర్వాత వచ్చి ఉంటే కొన్ని కుటుంబాలకు కడుపుకోత తప్పేది. ఆఫీసుల్లో పనిచేసిన మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆయనకు 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. అంతర్జాతీయంగా లభించిన గెట్టీ బహుమతి సొమ్మును ప్రకృతి పరిరక్షణ నిధికి ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆ ఏడాదే ఆత్మకథ వెలువడింది. దాని పేరు కూడా ఆ పిచ్చుక మీదే ఉంది.

ఆయన చివరి రోజుల్లో మన రాయలసీమ నుంచి ఒక శుభవార్త అందింది. కలివికోడి అనే పక్షి రాత్రిళ్లు తిరుగుతుంది, ముళ్లపొదల నేలలో ఉంటుంది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక దాని జాడ ఎవరికీ చిక్కలేదు. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986లో సొసైటీ పరిశోధకులు కడప జిల్లా లంకమల ప్రాంతంలో దాన్ని మళ్లీ కనుగొన్నారు. అందుకు తోడ్పడింది పక్షులను పట్టి బతికే స్థానికుల పరిజ్ఞానమే. శాస్త్రజ్ఞులకు ఎనభై ఏళ్లకు పైగా దొరకని పక్షిని పొదల్లో తిరిగే మనిషి గుర్తుపట్టాడు. ఆ మరుసటి ఏడాది, 1987లో, సాలిం అలీ తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మళ్లీ వీరాపురం సంగతికి వస్తాను. అక్కడికి వచ్చేవాటిని మనవాళ్లు సైబీరియా కొంగలంటారు. పత్రికల్లోనూ అలాగే వస్తుంది. నిజానికి అవి మన దేశపు పక్షులే. తెల్లని ఒళ్లు, నల్లని పట్టీలు, తోక దగ్గర గులాబీ రంగు, పసుపుపచ్చని పొడుగు ముక్కు ఉండే ఎర్రకాళ్ల కొంగలు. అసలు సైబీరియా కొంగలు శీతకాలంలో వచ్చింది భరత్‌పూర్‌కే. 2002 తర్వాత అవి అక్కడికీ రాలేదు. పిల్లలకు పేరు సరిగా చెప్పడం కూడా ఆ మహనీయునికి మనం చేయగల నివాళి.

వీరాపురంలో ఏటా సంక్రాంతి ప్రాంతంలో కొంగలు దిగి, ఊరి నడుమ చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, ఆగస్టు నాటికి వెళ్లిపోతాయి. అవి వస్తే ఊరికి మంచిదని గ్రామస్థుల నమ్మకం. గూటి కింద రెట్ట, చేపల వాసన భరిస్తూ కూడా వాటిని ఎవరూ తరమరు. కొట్టనివ్వరు కూడా. అక్కడ కొంగలకు తుపాకి భయం లేదు. చెరువులు ఎండడం, పాత చింతచెట్లు తగ్గడం ఇప్పుడు వాటికి ఉన్న కష్టం. చెరువులో నీళ్లుంటే రైతుకూ మేలే, కొంగకూ మేలే.

పిల్లలు అడిగే ఉద్యోగాల విషయం. ఆయనకు డిగ్రీ లేదని పోస్టు ఇవ్వని రోజుల నుంచి చాలా మారింది. 1982లో డెహ్రాడూన్‌లో భారత వన్యప్రాణి సంస్థ, 1990లో కోయంబత్తూరు దగ్గర ఆయన పేరు మీద పక్షి పరిశోధన కేంద్రం ఏర్పడ్డాయి. కేంద్ర సర్వీసుల్లో భారత అటవీ సర్వీసు ఉంది. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా రేంజి ఆఫీసరు, సెక్షన్ ఆఫీసరు, బీటు ఆఫీసరు పోస్టులు భర్తీ అవుతాయి. సైన్సు చదివే మనుమలుంటే ఈ దారి కూడా చూడమని చెప్పండి. దానికి ముందు ఒక నోటుబుక్కు కొనివ్వండి. బుక్కపట్నం చెరువు గానీ, ధర్మవరం చెరువు గానీ, పెనుకొండ కొండ మొదలు గానీ, ఎక్కడికి వెళ్లినా కనిపించిన పక్షి, తేదీ, స్థలం అందులో రాయమనండి.

— ఒక విశ్రాంత రెవెన్యూ గుమాస్తా, పెనుకొండ