రాజునకు ఉత్తరము వ్రాసిన రైతుబిడ్డ

పిలుపు లేకయే ఎస్తేరు రాజునెదుటికి వెళ్లిన సంగతి మనమెరుగుదుము. మన తాడేపల్లిగూడెము వైపు కౌలురైతుల వంటి కుటుంబములోనే, 1881లో, ఇటలీలో ఏంజెలో రొంకాల్లి పుట్టెను. పోపు ప్రతినిధిగా మొదట బల్గేరియాలోను, 1935 నుండి ఇస్తాంబుల్‌లోను ఉండెను.

నాజీలు యూదులను, పోలెండువారిని చంపుచుండగా పోపు పన్నెండవ పయస్ ఆ హంతకులను పేరెత్తి ఖండింపలేదు. హింస మరింత హెచ్చునని వెరచెనందురు. ఈ సమాధానము మాకు తృప్తినీయదు.

రొంకాల్లి ఊరకుండలేదు. 1943లో, తానెరిగిన బల్గేరియా రాజు బోరిస్‌కు యూదుల పక్షమున ఉత్తరము వ్రాసెను. 1944లో పాలస్తీనా ప్రవేశపత్రములను బుడాపెస్టులోని పోపు ప్రతినిధి రొట్టాకు పంపెను. ఉత్త కాగితములే, అయినను వాటిని చూపి కొందరు యూదులు ప్రాణములు దక్కించుకొనిరి.

1958లో ఆయనే పోపు ఇరువది మూడవ యోహాను అయ్యెను. మరుసటి యేట గుడ్ ఫ్రైడే ప్రార్థనలో యూదులను కించపరచు మాటను తీసివేయించెను. 1963లో మరణించెను.