వందమందితో కాశీకి: ఏనుగుల వీరాస్వామయ్య ప్రయాణం

ఇల్లులాంటి బండిలో ఫ్యామిలీ అంతా ఎక్కి, మంచం, పొయ్యి, సామాను అన్నీ వెంటేసుకుని కొండలూ అడవులూ చుట్టొచ్చే వీడియోలు మనమంతా చూస్తుంటాం. అమెరికాలో దాన్ని ఆర్‌వీ అంటారు, మన దగ్గర కారవాన్. మన దారుల్లో ఇంజను బండ్లు లేని రోజుల్లో ఒక తెలుగాయన ఇలాంటి ప్రయాణమే చేశాడు. మద్రాసు నుంచి కాశీ దాకా వెళ్ళి, తిరిగి ఇంటికి చేరడానికి ఆయనకి 15 నెలల 15 రోజులు పట్టింది. ఆయనే ఏనుగుల వీరాస్వామయ్య.

వీరాస్వామయ్య గారు 1780 ప్రాంతంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంగ్లీషు పట్టుదలగా నేర్చుకుని, పన్నెండేళ్ళ వయసుకే ఆఫీసు పనిలో చేరారు. మెల్లగా పైకొచ్చి, మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. అంటే కోర్టులో మన భాషల్లో చెప్పిన మాటల్ని ఇంగ్లీషు జడ్జీలకి అర్థమయ్యేలా చెప్పే ఉద్యోగం. ఒక్క మాట అటు ఇటైతే ఒకరి జీవితమే తారుమారు అవుతుంది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పే అలవాటు ఆయనకి అక్కడే వచ్చిందని నాకనిపిస్తుంది. ఆయన పుస్తకం నిండా కనిపించేది ఆ అలవాటే.

1830 మే 18 రాత్రి మద్రాసులోని తండయారువీడు నుంచి బయలుదేరారు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్ళు. కుటుంబం, బంధువులు, నౌకర్లు, పల్లకీ బోయీలు అందరూ కలిసి దాదాపు వందమంది. డేరాలు, వంటపాత్రలు, బియ్యం, బట్టలు అన్నీ వెంటే. ఎక్కడ చీకటి పడితే అక్కడ డేరా వేసి పొయ్యి వెలిగించాలి. మన లెక్కలో ఇది నడిచే కారవాన్. పల్లకీలో కూర్చున్నవాళ్ళ సుఖమంతా బోయీల భుజాల మీద నడిచిందన్న సంగతి మాత్రం మనం మరిచిపోకూడదు.

దారి చూడండి. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా నల్లమలలోకి వెళ్ళి శ్రీశైలం. అక్కడి నుంచి కృష్ణ దాటి హైదరాబాదు. ఆపైన ఇందూరు (ఇప్పటి నిజామాబాద్), గోదావరి దాటి నిర్మల్, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీ. గంగ మీద కొంతదూరం పడవల్లో సాగారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని, మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల మీదుగా 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. మే నెలలో బయలుదేరారు కాబట్టి వానలు దారిలోనే పట్టుకున్నాయి. నల్లరేగడి నేలల్లో వానాకాలం నడక ఎట్లుంటదో మన వైపు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

రోజుకి పది పదిహేను మైళ్ళు, తర్వాత మజిలీ. అదీ ఆయన పద్ధతి. మజిలీ ఎక్కడ వేయాలన్నది గుడిని బట్టో కోటని బట్టో తేల్చేది కాదు. నీళ్ళున్నాయా, డేరా వేసే చోటుందా, అంగళ్ళలో బియ్యం పప్పు దొరుకుతాయా, ముందు దారి రాళ్ళదా బురదదా అని చూసేవాళ్ళు. ఆ వివరాలన్నీ రాసి, మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకి ఉత్తరాలుగా పంపేవారు. ఏ ఊళ్ళో ఏ నాణెం చెల్లుతుందో కూడా రాశారు. మన యూపీఐ లేని లోకంలో అది చిన్న విషయం కాదు.

వందమంది ఎందుకు అని నాకూ అనుమానం వచ్చింది. అప్పటి దారుల్లో చిన్న గుంపుగా వెళ్ళడం ప్రమాదం. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే నర్మద ప్రాంతంలో బాటసారుల్ని చంపి దోచే థగ్గుల మీద స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి పెద్ద ఎత్తున చర్యలు మొదలుపెట్టాడు. శ్రీశైలంలో మరో రకం దోపిడీ. కర్నూలు నవాబు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసుకుని, క్షేత్రం బాగోగులు పట్టించుకోకపోవడం వీరాస్వామయ్యకి నచ్చలేదు, ఆ మాట దాచుకోలేదు.

ఇప్పుడు ఈయన నాకెందుకు గుర్తొచ్చారో చెప్తా. మాది జనగామ. పెద్దబాపు వాళ్ళు మహబూబాబాద్‌లో, మేనత్త వాళ్ళు భూపాలపల్లిలో ఉంటారు. డిసెంబరులో మూడిళ్ళ వాళ్ళం కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని నాగపూర్, పెంచ్, కాన్హా, జబల్‌పూర్ మీదుగా కాశీ పోదామని ప్లాన్. పెంచ్, కాన్హా రెండూ సాత్పురా, మైకల్ కొండల్లోని నేషనల్ పార్కులు. కాన్హాకి 1955లోనే ఆ హోదా వచ్చింది. నాగపూర్ దాటాక వీరాస్వామయ్య వెళ్ళిన దిక్కు కూడా అదే. చిక్కల్లా మా నాయినమ్మ దగ్గర వచ్చింది. కాశీ పోవాలన్నది అసలు ఆమె కోరికే. మోకాళ్ళ నొప్పులు, గంటకోసారి బండి ఆపాలి. ఆమెని భూపాలపల్లిలో అత్త దగ్గర ఉంచి పోదామని ఇంట్లో సగం మంది, ఆమె లేకుంటే యాత్ర ఎందుకని సగం మంది. వారం రోజులు ఫ్యామిలీ గ్రూపులో ఇదే లొల్లి.

కాశీయాత్ర చరిత్ర చదివాక నేను గ్రూపులో ఒక్కటే అడిగిన: వందమందిని నడిపించిన మనిషి రోజుకి ఎంత దూరం పోవాలో ఎవర్ని చూసి లెక్కేశాడు? గుంపులో వేగంగా నడిచేవాణ్ణి చూసి మాత్రం కాదు. అట్ల లెక్కేస్తే మొదటి వారంలోనే గుంపు చెదిరిపోయేది.

అందుకే ప్లాన్ మళ్ళీ రాసినం. రోజుకి రెండు వందల కిలోమీటర్లు దాటొద్దు. రెండు గంటలకోసారి ఆగుడే. పార్కుల్లోకి మన బండి పోనియ్యరు, అక్కడి రిజిస్టర్డ్ జీపుల్లోనే సఫారీ. అవి బాగా కుదుపుతాయి కాబట్టి ఆ పూట నాయినమ్మతో ఒకరు రూములో ఉండాలి, వంతులవారీగా. మధ్యప్రదేశ్ పార్కులు జులై నుంచి సెప్టెంబరు దాకా మూసే ఉంటాయి, అందుకని డిసెంబరే ఖాయం. నాగపూర్, సివనీ మధ్య హైవేని పెంచ్ అడవి దగ్గర పైకి లేపి, కింది నుంచి జంతువులు దాటేలా కట్టారు. మన సివిల్ బ్రాంచ్ వాళ్ళు తప్పక చూడాల్సిన పని అది.

నిజానికి మన వైపు జనానికి ఇది కొత్త విద్య కాదు. మేడారం జాతరకి ఎడ్లబండి కట్టుకుని, అందులోనే ముసలోళ్ళని, పిల్లల్ని, బియ్యం మూటల్ని వేసుకుని పోయి, అడవిలో రోజుల తరబడి వండుకు తిని వచ్చినవాళ్ళం. ఆ బండిలో ముందు చోటు ముసలోళ్ళదే. టెంపో ట్రావెలర్‌లో కూడా ముందు సీటు అట్లనే ఖాయమైంది.

తిరిగొచ్చాక వీరాస్వామయ్య ఎక్కువ కాలం బతకలేదు. 1832-33 కరువులో అన్నం కోసం వచ్చినవాళ్ళకి అన్నం పెట్టారని ఆయన గురించి చెప్తారు. 1836లో చనిపోయారు. ఆ ఉత్తరాలన్నీ కలిపి శ్రీనివాస పిళ్ళ 1838లో పుస్తకంగా అచ్చు వేయించారు. అప్పటి పండితుల భాషలో కాకుండా, మామూలుగా మాట్లాడే తెలుగుకి దగ్గరగా రాసిన పుస్తకం అది. తర్వాత 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. మన లైబ్రరీల్లో వెతికితే దొరుకుతుంది.

మా ప్లాన్ షీటులో ఇప్పుడు ప్రతి మజిలీ పక్కన నాలుగు గళ్ళున్నాయి: నీళ్ళు, నీడ, బాత్రూం, దగ్గర్లో దవాఖాన. పోయొచ్చినంక అవి నింపి మన క్లబ్ గ్రూపులో పెడతా. ముసలోళ్ళతో ఆ దారిన పోయేవాళ్ళు మీలోనూ ఎవరో ఒకరు ఉంటారు.