బాటలు వేయించిన రాణి మంగమ్మ

హోసూరు నుంచి కృష్ణగిరి వైపు సాగే పెద్ద రోడ్డు కృష్ణగిరితో ఆగదు. ధర్మపురి, సేలం, నామక్కల్, కరూరు, దిండుగల్లు మీదుగా మధురకు, అక్కడి నుంచి కన్యాకుమారికి చేరుతుంది. 2010కి ముందు దీనిని ఏడవ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఆ తరువాత ఇది 44వ నంబరు రహదారిలో భాగమైంది. శ్రీనగర్‌లో మొదలై హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగళూరు దాటి వచ్చే ఈ దారి మన సరిహద్దు పల్లెల పక్కనుంచే దక్షిణ సముద్రానికి పోతుంది. ఈ మార్గపు చివరి అంచున, మధుర నుంచి కన్యాకుమారి దాకా ఉన్న బాటకు మూడు వందల ఏళ్లుగా ఒక తెలుగు వనిత పేరు ముడిపడి ఉంది. ఆమె మధుర నాయక రాజ్యాన్ని ఏలిన రాణి మంగమ్మ. తమిళులు ఆమెను మంగమ్మాళ్ అంటారు.

కష్టకాలంలో కోడలు

మంగమ్మ తండ్రి తుపాకుల లింగమ నాయకుడు, మధుర కొలువులో సేనాని. విజయనగర కాలంలో దక్షిణానికి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలలో మధుర నాయకులది ప్రముఖ వంశం. ఆ వంశంలో 1659 నుంచి 1682 వరకు రాజ్యం చేసిన చొక్కనాథ నాయకుడు మంగమ్మను వివాహమాడాడు. రాజధానిని మధుర నుంచి తిరుచిరాపల్లికి మార్చినవాడు ఈయనే. తంజావూరు నాయకుని కుమార్తెను కోరి, నిరాకరణకు గురై, ఆ రాజ్యంపై దండెత్తి గెలిచాడు. ఆ గెలుపు నిలువలేదు. కొద్దికాలానికే తంజావూరు మరాఠా ఏకోజీ పాలైంది. ఇటు ఉత్తరాన మైసూరు ఒత్తిడి నానాటికీ పెరిగింది. చొక్కనాథుడు కన్నుమూసే నాటికి రాజ్యం చిక్కిపోయింది, బొక్కసం తరిగిపోయింది.

భర్త పోయినప్పుడు మంగమ్మ సహగమనం చేయలేదు. కుమారుడు రంగకృష్ణ ముద్దు వీరప్ప ఇంకా చిన్నవాడు, వానికి తల్లి అండ అవసరం. ఆ కుమారుడు సమర్థుడని పేరు తెచ్చుకుంటున్న దశలోనే 1689లో మశూచి సోకి మరణించాడు. అప్పటికి అతని భార్య నిండు గర్భిణి. మగబిడ్డను కన్న కొద్ది రోజులకే ఆమె కూడా ప్రాణం విడిచింది. పొత్తిళ్లలోని మనుమడు విజయరంగ చొక్కనాథునికి పట్టం కట్టి, వాని పేరున రాజ్యభారం మోయవలసిన పని ఆ నాయనమ్మ మీద పడింది. 1706 ప్రాంతం వరకు, అంటే సుమారు పదిహేడేళ్లు, ఆమె ఆ భారం మోసింది.

నాలుగు వైపులా శత్రువులు

ఆనాడు హోసూరు, కృష్ణగిరి సీమ ఆమె ఏలుబడిలో లేదు. పైగా సేలం, కొంగు వైపున మధుర రాజ్యానికి ఉన్న భూములు కూడా మైసూరు చిక్కదేవరాజు వశమయ్యాయి. జింజి కోట ముట్టడికి వచ్చిన మొగలు సేనలు మరోవైపు పొంచి ఉన్నాయి. మంగమ్మ తన బలం ఎంతో ఎరిగిన మనిషి. మొగలులకు కప్పం చెల్లించి రాజ్యాన్ని కాపాడుకుంది. తిరువాన్కూరు కప్పం ఎగవేసినప్పుడు మాత్రం దళవాయి నరసప్పయ్యను 1697లో సేనతో పంపి వసూలు చేయించింది. చిక్కదేవరాజు కావేరికి అడ్డుకట్ట వేసినప్పుడు, పాత పగను పక్కనపెట్టి తంజావూరుతో చేయి కలిపింది. యుద్ధం దాకా పోకముందే వరద వచ్చి ఆ కట్టను కొట్టుకుపోయింది. అన్ని వేళలా విజయమే దక్కలేదు. 1702లో రామనాథపురం సేతుపతితో జరిగిన పోరులో నరసప్పయ్య నేలకొరిగాడు, ఆ సీమ చేజారింది.

ఇన్ని చిక్కుల నడుమ ఏ పాలకుడైనా ధనమంతా కోటలకూ ఫిరంగులకూ పెట్టడం సహజం. మంగమ్మ బాటలకు కూడా పెట్టింది. ఆమె పేరు నేటికీ నిలిచింది అందువల్లనే.

బాట అంటే ఏమిటి

ఆ కాలపు దారులకు కంకర లేదు, తారు లేదు. వాన వస్తే బండి చక్రం ఇరుసు దాకా కూరుకుపోయేది, ఎండకాలంలో దుమ్ము కళ్లు కప్పేది. బరువు బండి రోజంతా నడిచినా రెండు ఆమడలు దాటడం కష్టం. మధుర నుంచి కన్యాకుమారి ఇంచుమించు 240 కిలోమీటర్లు. బండి మీద వెళ్లే కుటుంబానికి అది వారానికి పైబడిన ప్రయాణం. తిరునెల్వేలి సీమలో చాలాచోట్ల నీటి జాడ తక్కువ, నీడ అంతకన్నా తక్కువ. రామేశ్వర యాత్రికులు, ఉప్పు బండ్లవారు, నేతగాళ్లు, పశువుల బేరగాళ్లు అందరూ ఆ ఎండలోనే నడవాలి.

కాబట్టి నేల చదును చేసినంత మాత్రాన బాట పూర్తి కాదు. దానికి ఇరువైపులా చెట్లు కావాలి. నాటిన మొక్క బతకాలంటే మొదటి రెండు మూడేళ్లు ఎవరో ఒకరు నీరు పోయాలి, పశువులు మేయకుండా ముళ్లకంప కట్టాలి. అందుకు దగ్గరలో బావి ఉండాలి. బాటసారికీ ఎద్దుకూ దాహం తీరేందుకు చలివేంద్రం, తొట్టి ఉండాలి. పొద్దు గూకితే దొంగల భయం లేకుండా తలదాచుకునేందుకు సత్రం ఉండాలి. సత్రంలో పొయ్యి ఆరకుండా ఉండేందుకు మాన్యం ఉండాలి. ఏ భూమి పంట ఏ ధర్మానికి చెందుతుందో శాసనంలో రాయించి, దానిని నడిపే బాధ్యత ఒకరికి అప్పగించేవారు. ఏలికలు మారినా ఖర్చుకు లోటు రాకూడదన్నదే అందులోని ఉద్దేశం. నేటి ఇంజనీర్లు నిర్వహణ నిధి అనేదానికి ఆనాటి రూపం ఈ మాన్యమే.

మంగమ్మ ఈ వ్యవస్థను కనిపెట్టలేదు, అది అంతకు ముందే ఉన్న ఆచారం. కాని ఆమె దానిని పెద్ద ఎత్తున నడిపించింది. చెట్ల వరుసల మధ్య సాగే బాటలు, వాటి వెంట సత్రాలు, బావులు ఆమె పాలనకు గుర్తులయ్యాయి. మధుర రైల్వేస్టేషను ఎదుట నేటికీ ఆమె పేరిట సత్రం ఉంది. తిరుచిరాపల్లి ఉయ్యకొండాన్ కాలువకు మరమ్మతులు జరిగినదీ ఆమె కాలంలోనే. తిరునెల్వేలి వైపు పాతకాలపు చెట్లబాట కనిపిస్తే చాలు, అది మంగమ్మ బాట అంటారు పెద్దలు. అవన్నీ ఆమె ఒక్కతే వేయించినవి కాకపోవచ్చు. అయితే ఎవరు వేసిన బాటకైనా జనం ఆమె పేరే పెట్టుకున్నారంటే, ఆమె మీద వారికి గల కృతజ్ఞత ఎంతటిదో అర్థమవుతుంది.

ఈ ధర్మకార్యాలకు ప్రజలు ఒక కథ చెప్పుకుంటారు. ఒకనాడు మంగమ్మ పరధ్యానంలో ఎడమచేత్తో తాంబూలం వేసుకుందట. ఆ దోషానికి ప్రాయశ్చిత్తంగా బాటలు వేయించి చెట్లు నాటించిందట. కథ ఎలా ఉన్నా, దారి వేయడం కూడా గుడి కట్టడంతో సమానమైన పుణ్యమని ఆనాటి జనం నమ్మారని దీనివల్ల తెలుస్తుంది.

అందరి దారి

బాట మీద నడిచేవానిది ఏ మతమని ఎవరూ అడగరు. మంగమ్మ పాలన కూడా అలాగే సాగింది. మీనాక్షి అమ్మవారి ఆలయానికి కానుకలు సమర్పించిన చేతితోనే తిరుచిరాపల్లిలోని నత్తర్ వలీ దర్గాకు భూములు ఇచ్చింది. క్రైస్తవ మత గురువులను ఆదరించింది. సేతుపతి చెరలో ఉన్న ఒక గురువును విడిపించింది. మధుర ఆలయంలోని ఊంజల్ మండపం చిత్రాలలో ఆమె రూపం నేటికీ కనిపిస్తుంది. ఆమె పేరుతో ముడిపడిన తముక్కం భవనంలో 1959 నుంచి గాంధీ స్మారక మ్యూజియం నడుస్తోంది. ఆమె పెంచిన మనుమడు విజయరంగ చొక్కనాథుడు తెలుగు వచన రచనకు పోషకుడుగా, స్వయంగా రచయితగా సాహిత్య చరిత్రకెక్కాడు.

అన్నం పెట్టిన చేతికి

ఆమె అంత్యకాలం మాత్రం విషాదం. మనుమడు యుక్తవయస్కుడయ్యాక అధికారం అప్పగింతలో పేచీ వచ్చిందనీ, మంత్రి అచ్చయ్యతో ఆమెకు సంబంధం అంటగట్టి నిందలు వేశారనీ చెబుతారు. చివరకు ఆమెను మహలులోనే బంధించి, కంటికి కనిపించేటట్లు, చేతికి అందనట్లు అన్నం ఉంచి, ఆకలితో చంపారని జనశ్రుతి. చరిత్రకారులందరూ దీనిని అంగీకరించలేదు. కాని దారిన పోయే వేలమందికి అన్నం పెట్టించిన తల్లి అన్నం అందక పోయిందన్న మాట తమిళ పల్లెల్లో తరతరాలుగా వినిపిస్తూనే ఉంది. పట్టం ఎక్కిన మనుమని కాలం 1732లో ముగిసింది. ఆ తరువాత కొన్నేళ్లకే మధుర నాయక రాజ్యం కూడా అంతరించింది. బాట మాత్రం మిగిలింది.

మన ముంగిట ఆమె దారి

హోసూరు, కృష్ణగిరి వైపు అన్నై సత్య పేరుగల ప్రభుత్వ బస్సులు తిరిగిన రోజుల్లో, దిండుగల్లు కేంద్రంగా రాణి మంగమ్మాళ్ పేరుతో రవాణా సంస్థ ఉండేది. 1997లో అన్ని సంస్థల పేర్లూ మారినప్పుడు ఆ పేరు కూడా బస్సుల మీద నుంచి తొలగిపోయింది. జనం నోటి నుంచి తొలగిపోలేదు. ఆమె ఇంటి భాష తెలుగు, ఏలిన ప్రజలలో అధికుల భాష తమిళం. ఇంట ఒక భాష, సంతలో మరొక భాష మాట్లాడే డెంకణికోట, బాగలూరు, సూళగిరి, వేపనపల్లి కుటుంబాలకు ఆ జీవితం కొత్తది కాదు. తమిళ ప్రజలు ఆమెను తమ రాణిగానే గుండెల్లో పెట్టుకున్నారు. ఆమె ఏ భాష మాట్లాడిందని వారు లెక్క చూడలేదు. ఎండలో తమకు నీడ ఇచ్చిందన్నదే గుర్తుంచుకున్నారు.

నేడు రహదారులు నాలుగు వరుసలు, ఆరు వరుసలు అవుతున్నాయి. వెడల్పు చేసేటప్పుడు ముందుగా నేలకూలేవి దారి పక్క చింతచెట్లే. వాటికి బదులు మొక్కలు నాటడం ఒక పూట పని, వాటిని బతికించడం మూడేళ్ల పని. మన ఊరి రోడ్డుకు కొలతలు తీసుకునే నాడే, చెట్టుకు నీరు ఎవరు పోస్తారు, గుంట పడితే ఎవరు పూడుస్తారు, అందుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అని గ్రామసభలో అడగడం ఊరివారి హక్కు. మూడు వందల ఏళ్ల నాటి బాటలు ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకున్న తరువాతనే వేసినవి.