చుక్కను విడువని చూపు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెన్నెసీ రాష్ట్రమున నాష్‌విల్ అను పట్టణము కలదు. 1866వ సంవత్సర ప్రాంతమున అచ్చటి ఛాయాచిత్రశాల మేడపై తొమ్మిదేండ్ల బాలుడొకడు పెద్ద యంత్రము ప్రక్కన నిలుచుండెడివాడు. విద్యుద్దీపములు వాడుకలోనికి రాని ఆ కాలమున చిత్రములను పెద్దవిగా చేయుటకు సూర్యకాంతియే ఆధారము. ఆకసమున సూర్యుడు జరుగుచుండును గనుక, చక్రములు త్రిప్పుచు యంత్రమును ఎల్లప్పుడు సూర్యునివైపే నిలుపవలెను. అంతకుముందు ఆ పనికి కుదిరిన బాలురు ఎండవేడిమికి కునికిపాట్లు పడిరి. ఈ బాలుడు మాత్రము ఏమరలేదు. అతడే ఎడ్వర్డ్ ఎమర్సన్ బార్నార్డు.

బార్నార్డు 1857 డిసెంబరు 16వ తేదీన జన్మించెను. అతడు పుట్టకమునుపే తండ్రి మరణించెను. తల్లి నానా కష్టములు పడి బిడ్డలను పెంచెను. అతడు బడికి పోయినది సుమారు రెండు నెలలే. రాత్రివేళ చుక్కలను చూచి ఆనందించెడివాడే కాని, వాని పేర్లెరుగడు. ఒకనాడు ఒక మనుష్యుడు అతనియొద్ద కొంచెము సొమ్ము అప్పు తీసికొని, తాకట్టుగా ఒక ఖగోళ గ్రంథమును ఉంచిపోయెను. అందలి పటములను ఆకాశముతో పోల్చి చూడగా, చిన్ననాటి నేస్తమైన తెల్లని చుక్క పేరు అభిజిత్తు అని తెలిసెను. నాటినుండి అతని మనస్సు ఆకాశమునందే లగ్నమయ్యెను. సంవత్సరపు జీతములో మూడింట రెండు వంతులు వెచ్చించి అయిదంగుళముల దూరదర్శినిని కొనెను.

1877లో సైమన్ న్యూకూంబ్ అను ప్రసిద్ధ ఖగోళ శాస్త్రజ్ఞుడు నాష్‌విల్‌కు వచ్చెను. గణితము రానివాడు ఈ శాస్త్రమున రాణింపజాలడని ఆయన హెచ్చరించెను. ఆ మాటకు బార్నార్డు కన్నీరు పెట్టుకొనెను. కాని దూరదర్శినిని అమ్మివేయలేదు. గురువును కుదుర్చుకొని గణితమును నేర్చెను. 1881 మొదలు తోకచుక్కలను కనుగొనుచు, వానికి లభించిన బహుమానములతో ఇల్లు కట్టుకొనెను. 1888లో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలయందు ఉద్యోగము లభించెను.

అచ్చట ఆయన 1889లో పాలపుంతను చిత్రించుటకు పూనుకొనెను. అందుకు వాడిన కటకము మనుష్యుల ముఖములను చిత్రించుటకై చేసినది. వ్యాసము సుమారు ఆరంగుళములు. మసక వెలుగు ఫలకముపై ముద్రితమగుటకు మూడు నాలుగు గంటలు పట్టును. అంతసేపును కెమెరా చుక్కలవెంట కదలుచుండవలెను. గడియారపు యంత్రము దానిని త్రిప్పుచున్నను, కొంచెము వెనుకముందులగుట సహజము. అందువలన కెమెరాతోపాటు ఒక దూరదర్శినిని బిగించి, దానిలో ఒక చుక్కను గుర్తుగా పెట్టుకొని, అది జరిగినప్పుడెల్ల చేతితో సరిదిద్దవలెను.

ఇందు మొదటి కష్టము నాభిని కుదుర్చుట. కటకము కిరణములను కూర్చు చోటు నాభి. ఫలకము నాభినుండి వెంట్రుకవాసి తప్పినను, చుక్క మసకబిళ్లయై పడును. కంటికి స్ఫుటముగా తోచు చోటును, ఫలకముపై పనిచేయు నీలకాంతి కూడు చోటును ఒకటి కాకపోవచ్చును. కావున ఫలకమును కొంచెము కొంచెము జరిపి పరీక్షాచిత్రములు తీసి, చుక్కలు మిక్కిలి చిన్నవిగా పడిన చోటును ఎన్నుకొనవలెను. గుర్తు చూచు దూరదర్శినికిని ఈ జాగ్రత్త అవసరమే. దానిలో సన్నని తీగలు రెండు అడ్డముగా నుండును. చుక్క ప్రతిబింబమును తీగలును ఒకే తలమున లేనిచో, కన్ను కదలినంతనే చుక్క తీగను విడిచినట్లు భ్రమ కలుగును. ఆ భ్రమను నమ్మి యంత్రమును త్రిప్పినచో రాత్రి శ్రమయంతయు వ్యర్థమగును.

1892 సెప్టెంబరు 9వ తేదీన ఆయన బృహస్పతి అయిదవ ఉపగ్రహమును కనుగొనెను. 1610లో గెలీలియో నాలుగింటిని చూచిన పిమ్మట మరియొకటి కనబడుట అదియే ప్రథమము. ఆ అక్టోబరులోనే ఛాయాచిత్రము మూలమున తోకచుక్కను కనుగొనిన మొదటివాడయ్యెను. 1895లో యెర్కీస్ వేధశాలకు మారెను. అచ్చట 1904లో పదియంగుళముల కటకముగల బ్రూస్ దూరదర్శిని సిద్ధమయ్యెను. దాని ప్రక్కనే అయిదంగుళముల మార్గదర్శక దూరదర్శిని అమర్చబడియుండెను. నీరు గడ్డకట్టు చలిరాత్రులందును ఆయన దానిముందు గంటలకొలది కదలక కూర్చుండెడివాడు.

ఆ చిత్రములలో చుక్కల రాశుల నడుమ నల్లని మచ్చలు కనబడెను. అవి చుక్కలులేని రంధ్రములని పలువురు తలచిరి. ఆయనయు చాలకాలము అట్లే నమ్మెను. 1913 వేసవిలో ఒకరాత్రి పాలపుంతను చిత్రించుచుండగా చిన్న మేఘములు కొన్ని దానికి అడ్డముగా వచ్చెను. వెలుగు ముందర అవి సిరావలె నల్లగా తోచెను. తన ఫలకములపైనున్న మచ్చలును ఇట్టివే కావచ్చునని ఆయనకు తట్టెను. కాని మచ్చల అంచులు స్ఫుటముగా లేనిచో ఈ ఊహకు బలమేది? ఇన్నేండ్లు నాభిని కుదిర్చి, చుక్కను విడువక పట్టిన ఓర్పు ఇప్పుడు సాక్ష్యము పలికెను. తన పాత నమ్మకమును విడిచిపెట్టుటకు ఆయన వెనుదీయలేదు. 1919లో అట్టి 182 మచ్చల పట్టికను ప్రకటించెను. వానిలో అనేకము వెలుగును అడ్డగించు ధూళిమేఘములనియు, వానియందే క్రొత్త నక్షత్రములు పుట్టుచున్నవనియు తరువాతివారు తెలిసికొనిరి.

1923 ఫిబ్రవరి 6వ తేదీన బార్నార్డు మరణించెను. పాలపుంత చిత్రములతో ఆయన సిద్ధపరచుచుండిన గ్రంథమును ఎడ్విన్ ఫ్రాస్ట్, మేరీ కాల్వర్ట్ అనువారు పూర్తిచేసి 1927లో వెలువరించిరి.

నేడు చుక్కను కనిపెట్టియుండు పనిని చిన్న ఎలక్ట్రానిక్ కెమెరాలు చేయుచున్నవి. అయినను నాభి కుదురనిచో అవియు గ్రుడ్డివే. మేడపై సూర్యుని వెంబడించిన బాలుడు వృద్ధుడైనంతవరకు చేసినది ఒకటే పని. చూడవలసినదానిని సరిగా నిలుపుకొని, దానినుండి చూపు మరల్చకుండుట ఆయన నేర్చిన విద్య.