ముందుగనే నూయి త్రవ్విన మహనీయుడు

ఇల్లంటుకొన్న పిదప నూయి త్రవ్వువానిని జూచి లోకము నవ్వును. అయినను వ్యాధి వ్యాపించిన పిదపనే మందులకై పరుగులిడు పేద దేశము లనేకములు.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ముందుగనే నూయి త్రవ్విన మహనీయులు. సంగ్రహణి వారి సోదరుల నిద్దరిని బలిగొనెను. వారు మదరాసున వైద్యము చదివి, అమెరికా చేరి, హార్వర్డున శోధనలు సలిపి, 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. అచట వారి యాధ్వర్యమున సంగ్రహణి కుపకరించు ఫోలికామ్లమును, 1947లో బోదకాలు క్రిమిని హరించు హెట్రజానును, 1948లో ఆరియోమైసినును వెలువడినవి. ఆ యేటి ఆగస్టుననే వారు న్యూయార్కున పరమపదించిరి.

1994లో సూరతున ప్లేగు తలయెత్తినపుడు జనులు మ్రింగిన టెట్రాసైక్లిను ఆరియోమైసిను తెగదే. అర్ధశతాబ్దము మునుపే సిద్ధమైన యాయుధమది! హెట్రజానే డి.ఇ.సి. బిళ్ళలుగా 2004 మొదలు బోదకాలు గల జిల్లాలందు ఇంటింటికి చేరినది.

కొల్లేటి చెంత దెందులూరు మొదలగు పల్లెలందు దోమలకు కొదువ లేదు. మందు కనుగొనుట పండితుని పని. నిలువచేసి వేళకు చేర్చుట ప్రభుత్వము పని. మ్రింగుటయు, మురుగు తొలగించుటయు మన పని. పూలదండలకంటె నీ సన్నాహమే వారి ఋణము దీర్చునని మేము నమ్ముచున్నాము.